కుంటలోని కొర్రమట్టకు ఇంట చేసిన ఎర

పంటకుంట త్రవ్వుకొని అందులో బొచ్చె, రవ్వు, మోసు పిల్లలను వదలిన రైతుకు, వల వేసిన నాడు ఒక్కొక్కప్పుడు అంతుపట్టని నష్టము ఎదురగును. వదలినవి వేలలో వుండగా వలలో పడినవి వందలకు మించవు. నీరు చెడలేదు, పేడ వేసినారు, తవుడు, చెక్క తప్పకుండ పెట్టినారు, పిల్లలు చచ్చి తేలిన జాడ ఒక్కనాడును కనపడలేదు. ఎవరో రాత్రివేళ వచ్చి పట్టుకొనిపోయినారని ప్రక్క పొలము వారిపై అనుమానము పుట్టును. చివరకు నీరు తోడి చూచినచో, అడుగు బురదలో మోచేతి పొడవున నల్లని కొర్రమట్టలు రెండు మూడు కొట్టుకొనుచుండును. దొంగతనము చేసినది అవియే.

కొర్రమట్టనే కొరమీను అనియు అందురు. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించినది. రుచిలోను ధరలోను మన మంచినీటి చేపలన్నింటిలో దీనిది పైచేయి. కాని బొచ్చె పిల్లల మధ్య ఇది వుండుట, కోడిపిల్లల గంపలో జంగపిల్లి వుండుట వంటిది. చిన్నచేపలు, కప్పలు, పురుగులు దీని ఆహారము. దీనితోపాటు వాలుగ, బురద మట్ట, పెద్ద జెల్లలు గూడ ఇట్టివే. శాస్త్రజ్ఞులు వాలుగకు పెట్టుకొన్న 'వల్లాగో' అను పేరు మన వాలుగ నుంచి పోయినదే.

"మేము వదలలేదే, ఇవి కుంటలోనికి ఎట్లు వచ్చినవి?" అని రైతులు అడుగుదురు. జహీరాబాదు చుట్టుప్రక్కల నేల తీరు చూచినచో జవాబు దొరకును. ఇచట ఎర్రని జేగురు రాతి మిట్టలు, వాటి నడుమ పల్లపు పొలములు, పల్లములలో కుంటలు. పెద్ద వాన పడిననాడు చెరకు మడులనుంచి, అల్లపు తోటలనుంచి పారిన నీరంతయు ఒక కుంట నిండి మరియొక కుంటలో పడి, కాలువల వెంట నారింజ వాగులోనికి పోవును. కొర్రమట్ట గాలిని పీల్చి బ్రతుకగల చేప. మొప్పలతోపాటు గాలి పీల్చుటకు దాని తలలో ప్రత్యేకమైన అర కలదు. అందుచేత తడి గడ్డిమీద ప్రాకుచు, చెంబెడు నీరు పారిన చాలును, ఎదురీది ఒక మడి నుంచి మరియొక మడిలోనికి చేరును. ఎండాకాలములో నీరు ఇంకిపోయినను తడి బురదలో కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. కుంట ఎండినది గదా, అన్నియు చచ్చియుండునని నమ్మి పిల్లలను వదలుట ఇందువల్లనే మోసమగును.

పిల్లలను వదలుటకు ముందైనచో ఉపాయము తెలిసినదే. ఇప్పపిండి చల్లవలెను. ఒక మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,000 నుంచి 2,500 కిలోల వరకు వేయుదురు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, మీటరు లోతు నీరు గల కుంటకు సుమారు 100 కిలోలు పట్టునన్నమాట. దీని విషము రెండు మూడు వారములలో విరిగి, పిండి ఎరువుగా మారును. ఆ తరువాతనే పిల్లలను వదలవలెను. కాని పిల్లలను వదలిన పిదప కొర్రమట్ట వున్నదని తెలిసినచో ఇప్పపిండి పనికిరాదు. అది దొంగను, ఇంటివారిని ఒకేసారి చంపును. వలయు అంతగా పనిచేయదు. కొర్రమట్ట వల అడుగుననే బురదలోనికి దూరును, లేదా వలపై నుంచి ఎగిరి దుముకును. పైగా పదేపదే వల లాగినచో బొచ్చె పిల్లల పొలుసులు రాలి పుండ్లు పడును.

మిగిలినది గాలము. గాలములో ఒక గొప్ప సౌకర్యము వున్నది. కదలుచున్న కప్పవలెనో, దెబ్బతిన్న చేపవలెనో కనపడు ఎరను వేటాడు చేప మాత్రమే పట్టును. నీటిలోని సన్నని నాచును, పురుగును వడకట్టి తిను బొచ్చెగాని, అడుగున కుళ్ళిన ఆకు ఏరుకొను మోసుగాని దానివంక చూడవు. వానపాము గ్రుచ్చినచో ఏ చేప పడునో చెప్పలేము. పరిగెలు, బొచ్చె పిల్లలు గూడ వచ్చి కొరుకును. అందువల్ల పిల్లలు వదలిన కుంటలో కొర్రమట్టను ఏరివేయుటకు చేతితో చేసిన కదలు ఎరకు మించినది లేదని ఈ రచయిత అభిప్రాయము. బ్రతికిన కప్పను గ్రుచ్చి పట్టువారున్నారు. కప్ప మన చేలలో పురుగులను తిను నేస్తము. దానిని హింసించవలసిన అవసరము లేకుండ చెప్పుముక్కతోనే పని జరుగును.

ఇట్టి ఎరలు దుకాణములలో దొరకును. కాని ఒక్కొక్కటి తూటికాడల మధ్య తెగిపోయినప్పుడెల్ల క్రొత్తది కొనుట రైతుకు దండుగ. ఇంట పారవేయు వస్తువులతో చేసికొన్నచో గాలపుముల్లు ఖరీదు మాత్రమే తగులును.

ఇంటి వస్తువులతో ఎర చేయుట తక్కువతనమని ఎవరును అనుకొననక్కరలేదు. నేడు ప్రపంచమంతట అమ్ముడగు చెక్కచేప ఎరల కథ ఫిన్లండు దేశములోని ఒక పేద జాలరి ఇంట ప్రారంభమైనది. ఆయన పేరు లౌరి రాపాలా. సరస్సులో పడవ నడుపుచు, పెద్ద చేప చిన్నచేపల గుంపుమీద పడునప్పుడు తిన్నగా ఈదువాటిని వదలి, వంకరటింకరగా ఈదు ఒక్క చేపనే పట్టుచుండుట ఆయన గమనించినాడు. 1936లో బెరడు బెండును కత్తితో చెక్కి, చాక్లెట్టుకు చుట్టిన మెరుపు కాగితమును దానిపై అంటించి, పాత ఫోటో ఫిలిములను కరగించి పైపూతగా పూసి, ఆ కుంటి నడక నడచు ఎరను తయారుచేసినాడు. అమెరికాలో జూలియో బ్యూయెల్ అనునతడు చెంచా ఎరకు 1852లో పేటెంటు పొందినాడు. పడవలో తినుచుండగా చేతిలోని చెంచా జారి నీటిలో పడినదనియు, తళతళలాడుచు మునుగుచున్న దానిని పెద్ద చేప ఒకటి వచ్చి పట్టినదనియు, దానినుంచి ఈ ఆలోచన పుట్టినదనియు కథగా చెప్పుదురు. మన దక్షిణ దేశములో గూడ, మద్రాసు సివిలు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేటపై ఒక పెద్ద పుస్తకము వ్రాసి, 1887లో కేవలము చెరువులలోని వేటను గురించియే వేరొక పుస్తకము వెలువరించినాడు. దొరలకు అది కాలక్షేపము. మనకు కుంటలోని పంటను కాపాడుకొనుట.

చెప్పు కప్ప

కలుపుమొక్కలు గల కుంటకు అన్నింటికంటె ముఖ్యమైనది ఇదియే గనుక దీనిని వివరముగా చెప్పవలసియున్నది.

అరిగిన హవాయి చెప్పు ఒకటి తీసికొని శుభ్రముగా కడిగి ఆరబెట్టవలెను. మడమ భాగము మరీ అరిగి గట్టిపడియుండును. ముందరి భాగము మంచిది. నీటిలో వేసి తేలుచున్నదా అని చూచుకొనవలెను. పదునైన కత్తితో 5 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుగల ముక్కను కోసి, మామిడి టెంక ఆకారమునకు తేవలెను. ముక్కువైపు సన్నగాను, వెనుకవైపు కొంచెము లావుగాను వుండవలెను. అంచులను గరుకు బండమీదనో, గరుకు కాగితముతోనో రుద్ది గుండ్రము చేయవలెను. ముక్కు కోసుగా వున్నచో తూటికాడల మధ్యనుంచి జారి వచ్చును. మొద్దుగా వున్నచో ప్రతి ఆకుకు తగులుకొనును.

గాలములు పొడవు కాడ కలవి, 2/0 లేక 3/0 అంకెవి, రెండు కావలెను. గాలపు అంకెల లెక్క క్రొత్తవారిని తికమక పెట్టును. వట్టి అంకె అయినచో అంకె పెరిగినకొద్ది గాలము చిన్నదగును. ప్రక్కన సున్న వున్నచో అంకె పెరిగినకొద్ది పెద్దదగును. అనగా 6 కంటె 2 పెద్దది, 1/0 కంటె 3/0 పెద్దది. రెండు గాలముల కాడలను ప్రక్కప్రక్కన చేర్చి, మొనలు రెండును ఒకే వైపునకు చూచుచు, ఆవు కొమ్ములవలె కొంచెము ఎడముగా వుండునట్లు నైలాను దారముతో గట్టిగా చుట్టవలెను.

తరువాత చెప్పుముక్క పొట్టవైపున ముక్కునుంచి తోకవరకు, మందములో సగము వరకే దిగునట్లు ఒక గాటు పెట్టవలెను. ఆ గాటులో గాలపు కాడలను ఇమిడ్చవలెను. గాలపు కన్ను ముక్కునుంచి బయటకు రావలెను. వంపు తోకనుంచి బయటకు వచ్చి పైకి తిరిగి, మొనలు కప్ప వీపుమీద ముందుకు చూచుచుండవలెను. మొనకును వీపునకును మధ్య బియ్యపుగింజ దూరునంత సందు చాలును. అంతకు మించినచో కలుపుకు తగులుకొనును. అసలే లేనిచో చేప నోట దిగదు. గాటు వెనుక భాగములో చిన్న ఇనుప మేకు ఒకటి, తల కొట్టివేసి, పెట్టవలెను. ఈ బరువు వలన కప్ప పొట్ట క్రిందకు, మొనలు పైకి నిలుచును. ఆపైన సైకిలు పంక్చరు జిగురును గాటు రెండు పెదవులకు పూసి, కొంచెము ఆరిన పిమ్మట అదిమి, దారముతో చుట్టి ఒక రాత్రి వుంచవలెను. ఆరక ముందే తొందరపడి నీటిలో వేసిన కప్ప మొదటి పట్టుకే విడిపోవును.

కాళ్ళకు పాత సైకిలు ట్యూబునుంచి అగ్గిపుల్ల వెడల్పున రెండు పట్టీలు కోసి, గోనెసంచి కుట్టు దబ్బనముతో తోకప్రక్కన అడ్డముగా దూర్చి ముడివేయవలెను. బయట రెండంగుళముల మేర వ్రేలాడిన చాలును. రంగు విషయములో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. చేప చూచునది క్రిందినుంచి. దానికి కనపడునది ఆకాశమునకు ఎదురుగా నల్లని నీడ మాత్రమే.

ఇక బకెట్టు నీటిలో వేసి చూడవలెను. ప్రక్కకు వాలినను, బోర్లపడి మొనలు క్రిందకు పోయినను మేకు బరువు పెంచవలెను. తోక కొంచెము మునిగి ముక్కు పైకి లేచియున్నచో కప్ప కుదిరినట్లు.

చెంచా ఎర

కలుపు లేని పెద్ద నీటికి ఇది తగును. వాలుగ దీనికి బాగుగా వచ్చును. పాత ఇత్తడి లేక అల్యూమినియము చెంచా కాడను కోసివేసి, మిగిలిన గిన్నె రెండు కొసలకు చిన్న బెజ్జములు వేయించవలెను. స్టీలు చెంచాకు ఇంట బెజ్జము పడదు. వెల్డింగు దుకాణములో వేయించుకొనవలెను. కోసిన అంచును ఆకురాయితో రాచి నునుపు చేయకున్నచో దారమును, చేతినిగూడ కోయును. సన్నకొసన గాలపుదారము వచ్చును. లావుకొసన తాళపుచెవుల రింగు వంటి చిన్న చుట్టుతో గాలము తగిలించవలెను. మూడు ముళ్ళ గాలము వాడుట కలదుగాని ఒంటి గాలము చాలును. చేపను వదలవలసివచ్చినప్పుడు సులభము, చేతికి గ్రుచ్చుకొను భయము తక్కువ. చెంచాకు గల గుంట వలననే లాగునప్పుడు అది అటునిటు ఊగుచు మెరయును. బల్లపరుపు రేకు ముక్కకు ఈ గుణము రాదు. లాగుచుండగా దారము మెలిపడకుండుటకు స్వివెల్ అను తిరుగుడు లంకె ఒకటి మధ్యన వేయవలెను. అది కొనవలసినదే.

ఈకల జిగ్గు

నీటి అడుగున గంతులు వేయుచు పోవు ఎరను జిగ్గు అందురు. గాలపు తలకు బరువు, తోకకు ఈకలు. ఇంతే దీని రహస్యము. బరువుకు సీసము పోయుట లోకములో వాడుక. సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగును గనుక కట్టెల పొయ్యిమీద గూడ కరగించవచ్చునని కొందరు అందురు. ఈ పని వంటింట చేయరాదు. సీసపు ఆవిరియు ధూళియు శరీరములో చేరినచో చిన్నపిల్లల మెదడుకు, ఎదుగుదలకు తీరని హాని కలుగును. కరగిన సీసములో ఒక్క నీటిచుక్క పడినను అది చిమ్మి కండ్లు పోవును. పాత బ్యాటరీలనుంచి తీసిన సీసము ఇంకను ప్రమాదము. వంట చేయు గిన్నెలో సీసము కరగించి, మరల ఆ గిన్నెను వాడుటకంటె చేపలు లేకుండ వుండుటయే మేలు.

సీసము లేకుండగనే ఈ పని జరుగును. చిన్న ఇనుప నట్టు ఒకటి తీసికొని, గాలపు కంటికి దగ్గరగా, కాడ వీపుమీద, అనగా మొన వున్న వైపునకు ఎదురువైపున, దారముతో అడ్డముగా బిగించి కట్టవలెను. బరువు వీపున వుండుటచేత నీటిలో గాలము తిరగబడి మొన పైకి లేచి నడచును. అడుగు రాళ్ళకు, కర్రలకు అంతగా తగులుకొనదు. నట్టును మొనవైపునే కట్టినచో అంతయు తారుమారగును. దారముమీద ఎం-సీల్ వంటి ముద్దను కొంచెము అద్దినచో కదలదు.

ఈకలకు నాటుపుంజు మెడ ఈకలు శ్రేష్ఠము. పొడవుగా, మెత్తగా, మెరుపుతో వుండును. నాలుగైదింటిని గాలపు వంపును దాటి ఒక అంగుళము వ్రేలాడునట్లు కట్టి, వాటిపై మేక తోక వెంట్రుకలు కొన్ని చేర్చవలెను. మరీ ఎక్కువ కట్టుట క్రొత్తవారు చేయు పొరపాటు. నీటిలో తడిసిన పిమ్మట ఈకలు చిన్న పరిగె ఆకారమునకు రావలెనుగాని చీపురుకట్టవలె వుండరాదు. ముడులపై ఇంటి ఆడవారి గోళ్ళరంగు రెండు పూతలు పూసినచో దారము నానదు. జెల్లలకు 4 లేక 2 అంకె గాలము, వాలుగకు 2/0 సరిపోవును.

రాపాలా చేసినట్టి చెక్కచేపకు మనవద్ద నిర్మల, కొండపల్లి బొమ్మలకు వాడు పొణికి కర్ర తగును. తేలిక, చెక్కుటకు మెత్తన. వ్రేలెడు పొడవు చేపను చెక్కి, పొట్టలో మేకుముక్క దించి, గడ్డము క్రింద గట్టి ప్లాస్టిక్కు ముక్కను నాలుకవలె ఏటవాలుగా బిగించినచో లాగినప్పుడు మునిగి ఊగును. ఎడమకు పోవుచున్నచో ముక్కు కొక్కెమును రవంత కుడికి, కుడికి పోవుచున్నచో ఎడమకు వంచి సరిచేయవలెను. వార్నిషు మూడు పూతలు లేనిచో కర్ర నీరు త్రాగి బరువెక్కును. ఇది ఓపిక గలవారి పని. కుంటలోని కొర్రమట్టను తీయుటకు ఇంత శ్రమ అవసరము లేదు.

దారము, ముడి

కలుపులో కొర్రమట్టను పట్టుటకు సన్నని తంగూసు పనికిరాదు. తగులుకొన్న క్షణముననే అది కాడలలోనికి దూరును. అర మిల్లీమీటరు మందము గల తంగూసుగాని, అల్లిన దారముగాని వుండవలెను. వాలుగ పండ్లు రంపమువంటివి. వాలుగకైనచో ఎరకు ముందు జానెడు సన్నని స్టీలు తీగ వేయవలెను.

చేప పోవునది చాలవరకు ముడివద్ద తెగియే. దారమును గాలపు కంటిలో దూర్చి, ఆ కొసను అసలు దారము చుట్టు ఐదారు మెలికలు త్రిప్పి, కంటి ప్రక్కన ఏర్పడిన సందులో నుంచి కొసను తెచ్చి, తిరిగి పెద్ద సందులో దూర్చి లాగవలెను. బిగించుటకు ముందు ఉమ్మితో తడుపవలెను. పొడిగా బిగించిన తంగూసు రాపిడికి వేడెక్కి అచటనే బలహీనపడును.

చక్రపు గడ లేకున్నను నష్టము లేదు. కుంట గట్టుననుండి 3, 4 మీటర్ల వెదురు గడకు, గడ పొడవుకు తక్కువగా దారము కట్టి, కప్పను ఆకుల నడుమ నీటి మచ్చలలో తాటించుచు ఎత్తుచు వుండిన చాలును. దూరము విసరవలసిన చోట, ఖాళీ పాలడబ్బాకు దారము చుట్టి ఎడమచేత పట్టుకొని, కుడిచేత ఎరను గిరగిర త్రిప్పి వదలినచో డబ్బా అంచునుంచి దారము దానంతటదే ఊడిపోవును. వెనుక ఎవరును నిలువరాదు.

పట్టు విధానము

తెల్లవారుజామున, సాయంకాలము ఎండ చల్లారిన పిమ్మట మంచి వేళలు. తూటికూర, తామర, తుంగ, గుర్రపుడెక్క అంచులు కొర్రమట్ట పొంచియుండు తావులు. అది గాలికోసము అప్పుడప్పుడు పైకి రాక తప్పదు. గట్టున నీడ పడకుండ కూర్చుండి ఒక అరగంట చూచినచో బుడగయు, 'గబుక్కు'మను చప్పుడును ఏమూల వచ్చుచున్నవో తెలియును. ఆ తావును దాటి రెండు మూరల అవతల కప్పను వేసి, కాళ్ళు అల్లాడునట్లు కొంచెము లాగి, ఆపి, మరల లాగవలెను. ఆపినప్పుడే చాలసార్లు పట్టును. నీరు పగిలిన చప్పుడుకు ఉలికిపడి వెంటనే లాగినచో కప్ప మాత్రమే ఎగిరి ముఖముమీద పడును. మనసులో మూడు లెక్కించి, దారము బరువెక్కిన పిమ్మట గట్టిగా ఒక్క లాగు లాగి, చేప తల త్రిప్పుకొనక ముందే కలుపునుంచి బయటకు తేవలెను.

పట్టిన కొర్రమట్టను చంపనక్కరలేదు. తడిగోనెలో చుట్టియో, కొద్ది నీరు గల మూతడబ్బాలో పెట్టియో గంటల తరబడి బ్రతికించి సంతకు తీసికొనిపోవచ్చును. చచ్చిన దానికంటె బ్రతికిన దానికి ధర ఎక్కువ. మూతకు రాయి పెట్టుట మరువరాదు. ఇది దుముకు చేప.

ప్లాస్టిక్కు పట్టా పరచిన పంటకుంటలలో జిగ్గును, చెంచాను వేయరాదు. ఒక్క గాలము గ్రుచ్చుకొన్న చోట పట్టా చినిగి నీరంతయు ఇంకిపోవును. అచట తేలు కప్ప మాత్రమే వాడవలెను. ఇట్టి కుంటల గట్లు తడిసినచో సబ్బువలె జారును, లోపల పడినవారికి పట్టు దొరకదు. పిల్లలను ఒంటరిగా పంపరాదు. మోకు ఒకటి గట్టున గుంజకు కట్టి నీటిలోనికి వేసియుంచుట ఆ రోజు పనికి మాత్రమేగాక ఎల్లప్పుడు మంచిది.

ఊరి చెరువు, పిల్లలగుంపు

ఇంతవరకు చెప్పినది రైతు సొంత కుంట మాట. ఊరి చెరువు సంగతి వేరు. చెరువులలో చేపల హక్కు సాధారణముగా మత్స్య సహకార సంఘమునకు వుండును. దానిపై ఆధారపడి బ్రతుకు కుటుంబములు ఊరిలోనే కలవు. సంఘము వారి అనుమతి లేకుండ గాలము వేయరాదు. 2016 తరువాత ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలుట ప్రారంభించినది. ఆ పిల్లలను వాలుగ, కొర్రమట్ట తినుచున్నవని సంఘము వారు అనుకొన్నచో, వారే ఇద్దరు ముగ్గురు యువకులకు ఈ ఎరలు ఇచ్చి పట్టించుకొనవచ్చును. పంచాయతీ కార్యదర్శులు ఈ మాట సంఘము సమావేశములో ఎత్తుట మంచిది. తోటాలతోను, మందుతోను చేపలు చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరముగా ఎంచినది. మందు కలిపిన నీరు పశువులు త్రాగు నీరేనని వేరుగా చెప్పవలెనా?

వానాకాలములో కొర్రమట్ట జంట కలుపు మధ్య కొంచెము చోటు శుభ్రము చేసికొని గ్రుడ్లు పెట్టును. తేనెరంగు గ్రుడ్లు నీటిపై తేలుచుండును. ఒకటి రెండు రోజులలో పిల్లలు పుట్టును. కొన్నాళ్ళకు ఆ పిల్లలు ఎర్రని ముద్దగా, వందలకొలది ఒక్క గుంపై నీటిపైకి వచ్చి గాలి పీల్చుచు తిరుగుచుండును. తల్లిదండ్రులు క్రిందనే కాపుండి, గుంపు దగ్గరకు వచ్చిన దేనినైనను కొట్టును. ఆకలి వలన కాదు, కోపము వలన. ఈ సంగతి తెలిసినవారు ఎర్రని గుంపు నడుమనే కప్పను వేయుదురు, తప్పకుండ పడును. ఊరి చెరువులో ఇట్లు చేయుట ఈ రచయితకు సమ్మతము కాదు. కాపు పోయిన గంటలోనే పరిగెలు, పక్షులు ఆ గుంపును కాజేయును. ఒక చేపకోసము వందల చేపలు పోయినట్లు. గుంపు కనపడిన చోటును ఆ కొన్ని వారములు వదలివేయవలెను. అడుగు పొడవు లేనివాటిని గూడ ముల్లు తీసి తిరిగి విడువవలెను.

సొంత కుంటలో గుంపు కనపడినచో న్యాయము వేరు. పెద్దవాటిని పట్టవలసినదే. పిల్లలను మాత్రము పలుచని గుడ్డతో దేవి, చిన్న తొట్టిలోనో, వేరు గుంటలోనో పెంచుకొనవచ్చును. వాటిలో పెద్దవి చిన్నవాటిని తినును గనుక వారమునకొకసారి సైజువారీగా వేరుచేయవలెను.

సంగారెడ్డి జిల్లాలో మంజీరా నదిపై గాలము వేయబోవువారికి ఒక మాట. సింగూరు జలాశయము దిగువన మంజీరా అభయారణ్యము 1978లో ఏర్పడినది. అందులో చేపల వేట కూడదు. ఆ నీటిలో మొసళ్ళు గలవు. మోకాలిలోతు నీటిలో దిగి తగులుకొన్న ఎరను విడిపించుకొనబోవుట ప్రాణముతో చెలగాటము. ఒక చెప్పుముక్క పోయినచో ఇంట రెండవ చెప్పు వుండనే వున్నది.

గాలపు ముల్లు వెనుక గల కొండిని ముందుగానే పటకారుతో నొక్కివేయుట అలవాటు చేసికొనవలెను. దారము వదులు కాకుండ లాగినచో చేప పోదు. మనిషి చేతికి గ్రుచ్చుకొన్నచో సులభముగా వచ్చును. కొండి గల గాలము లోతుగా దిగినచో ఇంట పీకుటకు ప్రయత్నించక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి తీయించుకొని, ధనుర్వాతము సూదిమందు వేయించుకొనవలెను. తెగిన తంగూసు ముక్కలను, విరిగిన గాలములను గట్టున పారవేయరాదు. గడ్డితోపాటు బర్రె మింగినచో దాని కడుపులో పడును, కొంగ కాలికి చుట్టుకొన్నచో తిరిగి ఎగురలేదు. పని ముగిసిన పిమ్మట ఎరలను మంచినీట కడిగి, ఆరబెట్టి, మొనలను బెండుముక్కకు గ్రుచ్చి, మూత గల డబ్బాలో పెట్టి అటకమీద, పిల్లలకు అందని చోట వుంచవలెను. నూనెగుడ్డతో ఒకసారి తుడిచినచో మరుసటి వానాకాలము వరకు తుప్పు పట్టవు.